సౌండు పెంచే మనిషి

ఆ సందు చివర మేడమీది వాటాకి చెడ్డపేరు. చీకటి పడ్డాక అటు తలెత్తి చూసేవాళ్ళే తక్కువ.

అంతకుముందు అందులో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడట. బ్రహ్మచెవుడు. ఆయన టీవీ పెడితే సందు సందంతా వినాల్సిందే. ఒకసారి ఆ మోత ఆగలేదు… రాత్రీ ఆగలేదు, మర్నాడూ ఆగలేదు. తలుపు పగలగొట్టి చూస్తే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి ఉన్నాడు. ఎదురుగా టీవీ మాత్రం మోగుతూనే ఉంది.

అప్పటినుంచి ఆ హాల్లో ఎవరు టీవీ పెట్టినా చూసేది ఆయనేననీ, రాత్రిపూట సౌండు దానంతటదే పెరుగుతుందనీ చెప్పుకునేవాళ్ళు. ఆ వాటాకి చాలాకాలం తాళమే.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నమ్మేవాళ్ళని ఏడిపించడం మాత్రం సరదా. మా ప్రెస్సులో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే బైండరు ఆ వాటాలో దిగుతున్నాడని తెలిసి, "ఇంకేం, టీవీ చూడటానికి తోడు దొరికాడు" అని మొదట నవ్వింది నేనే. జరిగినదంతా తర్వాత అతని నోటినుంచే విన్నాను. విన్నాక నవ్వు రాలేదు.

బైండరు భార్య వట్టిమనిషి కాదు. అంతకుముందు ఒకటి కడుపులోనే పోయింది. ఈసారి మంచం దిగకూడదు, ఉలిక్కిపడకూడదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈ బిడ్డ దక్కాలి… బైండరుకి వేరే ధ్యాస లేదు. అతనివల్ల అయ్యే అద్దెకి ఇంకో ఇల్లు దొరక్కే అక్కడ చేరాడు.

హాల్లోనే కిటికీ పక్కన ఆవిడకి మంచం వేశాడు. సందుకి అవతల ఎదురు మేడమీద కూడా అలాంటి కిటికీయే, నేలకి జానెడెత్తు నుంచి మొదలయ్యే పెద్ద కిటికీ. అక్కడ బట్టలు కుట్టుకునే ఆవిడ ఒక్కతే ఉండేది. అందరూ దర్జీ అక్క అనేవాళ్ళు. గొంతుకి ఆపరేషనయ్యాక ఆవిడకి గుసగుస తప్ప మాట రాదు. అందుకని కిటికీలోంచి కిటికీలోకి ఇద్దరికీ సైగలతోనే కబుర్లు. అక్క గోడమీది పెద్ద టీవీని బైండరు భార్య తన మంచం మీంచే చూసేది, మాటలు వినపడకపోయినా.

పగలంతా భార్య పడే అవస్థ చూడలేక టీవీ కొందామని బయలుదేరాడు బైండరు. తోడు నేను.

ప్రెస్సువాణ్ణి టీవీల కొట్టుకి తీసుకెళ్ళకూడదని ఆరోజు తెలిసింది. గోడనిండా టీవీలు, అన్నిట్లోనూ ఒకటే చిలక. మావాడు ముక్కు అద్దానికి ఆనించి, అచ్చుకాగితం మీద వెతికినట్టు రంగుచుక్కలు వెతకడం మొదలుపెట్టాడు. "ఇందులో ఎరుపు పక్కకి జరిగింది… ఇందులో చిలకకి ఒళ్ళంతా వాపు…"

"సార్, ఇంట్లో మీరు దూరంగా కూర్చుని చూస్తారండీ," అన్నాడు కొట్టువాడు, ఏడవలేక నవ్వుతూ.

"హెచ్‌డీ అన్నది నువ్వే కదా. దగ్గరినుంచి కూడా బాగుండాలి మరి."

చివరికి నేనే విసిగిపోయి వాళ్ళావిడకి ఫోను కలిపాను. "ఇంత గొడవెందుకన్నయ్యా," అంది ఆవిడ. "ఎదురింటి అక్కది ఏ కంపెనీయో అదే తెచ్చెయ్యమనండి. రోజూ చూస్తున్నాగా, కళ్ళకి హాయిగా ఉంది."

అదే కంపెనీ, అదే సైజు, అదే రకం. కిటికీకి ఎదురుగా ఉన్న గోడకి బిగించారు. పెద్ద శబ్దాలకి ఆవిడ ఎక్కడ ఉలిక్కిపడుతుందోనని సౌండు ఎప్పుడూ సన్నగానే పెట్టేవాడు బైండరు. రోజులు బాగానే గడిచాయి.

ఒకనాడు ఎదురింట్లో దీపం వెలగలేదు. అక్క పెందలాడే పడుకుందేమో అనుకున్నారు. వీళ్ళూ టీవీ కట్టేసి లైటు ఆర్పేశారు.

కాసేపటికి…

టీవీ వెలిగింది.

హాలంతా నీలంగా అయింది. ఎవరో పాట పాడుతున్నారు, సన్నగా. బైండరు లేచి కూర్చున్నాడు.

"ఏమండీ… మీరు నొక్కారా?"

"లేదు… నువ్వు?"

రిమోటు టీవీ కిందున్న బల్లమీద ఉంది. ఇద్దరికీ దూరంగా.

సౌండు పెరిగింది. తెరమీద గీత ఒక్కొక్కటే, ఎవరో ఆగి ఆగి పెంచుతున్నట్టు… పాట కాస్తా అరుపైంది. బైండరు ఒక్క ఉదుటున వెళ్ళి రిమోటు అందుకుని తగ్గించాడు. మళ్ళీ పెరిగింది. తగ్గించాడు — పెరిగింది. రిమోటులోంచి బ్యాటరీలు ఊడబెరికాడు.

అయినా పెరుగుతూనే ఉంది.

"ఆయనే…" అంది భార్య, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని. "ఆయనకి వినపడదటగా…" పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

ఎవర్ని కొట్టాలి? ఎవర్ని తరమాలి? టీవీ ముందు ఉన్నది ఖాళీ కుర్చీ. ఏం చెయ్యాలో తోచక బైండరు దానికే చేతులు జోడించాడు.

"బాబాయిగారూ… మీ ఇంట్లోకి మేమే వచ్చాం. తప్పే. ఆమె వట్టిమనిషి కాదు… ఆమెని మాత్రం వదిలెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

టీవీ టక్కున ఆగిపోయింది.

మళ్ళీ వెలిగింది. ఆరింది. వెలిగింది.

"కిటికీ మూసెయ్యండి… గాలి… నాకు చలేస్తోంది…" అని ఏడ్చింది భార్య.

చెక్కతలుపులు రెండూ దగ్గరికి లాగి గడియ పెట్టాడు. టీవీకి పక్కనున్న మీట నొక్కి మెల్లగా సౌండు తగ్గించాడు. తగ్గింది. మళ్ళీ పెరగలేదు. ఆపేశాడు. మళ్ళీ వెలగలేదు. ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు. కుర్చీ వంక చూసి ఇంకోసారి దణ్ణం పెట్టాడు బైండరు. భార్య అతని చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లలా నిద్రపోయింది.

తెల్లారాక కింద గోల వినిపించింది. కుట్టిన బట్టలకోసం వచ్చినావిడ దర్జీ అక్క తలుపు బాదుతోంది. లోపల్నుంచి పలుకు లేదు. బైండరు పరుగెత్తాడు. నలుగురూ కలిసి తలుపు విరగ్గొట్టారు. ముందు లోపలికి వెళ్ళింది అతనే.

స్టూలు బోర్లా పడి ఉంది. పక్కనే పగిలిన బల్బు. దీపం పోతే మార్చబోయి పడినట్టుంది; ఫ్యూజు కూడా పోయి గోడమీది టీవీ పనిచెయ్యట్లేదు. తుంటి విరిగింది, తలకి దెబ్బ. ఫోను కుట్టుమిషను మీద, అందనంత ఎత్తులో. నేలమీద నెత్తుటి చార కిటికీదాకా ఉంది. కిటికీ దగ్గర అక్క, పక్కకి ఒరిగి…

చేతిలో అచ్చం వీళ్ళదానిలాంటిదే రిమోటు. బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది. వీళ్ళ కిటికీకేసి గురిపెట్టి ఉంది.

బైండరుకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. పాపం, అరవడానికి గొంతు లేని మనిషి.

ఒళ్ళోకి తీసుకుంటే కళ్ళు తెరిచింది. పెదాలు కదిలాయి. అతను చెవి దగ్గరపెట్టాడు.

"కిటికీ… ఎందుకు మూశావు, తమ్ముడూ?"

ఆసుపత్రికి చేరేలోపే పోయింది. రాత్రే తెచ్చి ఉంటే బతికేదన్నారు. రిమోటుని అక్కడే, ఎవరూ చూడకముందే బైండరు జేబులో వేసుకున్నాడు. అక్క జారిపడి పోయిందని మాత్రం భార్యతో చెప్పాడు. ఆ మాటకే ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మిగతాది ఎలా చెబుతాడు?

నెలలు నిండి, బిడ్డ క్షేమంగా పుట్టింది. చూడటానికి నేనూ వెళ్ళాను. ఈ ఇంట్లో భయం లేదా అని ఎవరో అడిగితే బైండరు భార్య నవ్వింది.

"భయమెందుకండీ. ఆ రాత్రి ఈయన అలా దణ్ణం పెట్టి అడిగారో లేదో, ఆయన వదిలేశాడు. మంచివాడు పాపం. అవునా కాదా, మీరే చెప్పండి."

బైండరు బిడ్డని భుజాన వేసుకుని జోకొడుతున్నాడు.

"అవును," అన్నాడు.