ట్రైనింగ్ రూములో ఏడుపు

మా సబ్బు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు వాళ్ళెవరూ ట్రైనింగ్ రూము ముందు నుంచి నడవరు. బాత్రూముకి అదే దగ్గర దారి... అయినా సరే, గోదాము చుట్టూ తిరిగే వెళతారు.

ఆ గదిలో ఎవరో ఆడమనిషి ఏడుస్తుంది.

రోజూ కాదు, వారానికో రాత్రి. తలుపుకి తాళం. కిటికీలకి నల్ల కాగితం. లోపల మాత్రం వెక్కి వెక్కి ఏడుపు. ఏడ్చి ఏడ్చి ఒక్కసారి ఆగి — "వాడు లోపలున్నాడు..." అంటుంది. మళ్ళీ మొదలు.

నేనూ విన్నాను. రెండోసారి వినే ధైర్యం లేక ఆ దారి మానేశాను.

ఆ ఏడుపు ఎవరిదో మాకు తెలుసనే అనుకున్నాం. మూడేళ్ళ కింద మా ఫిట్టరొకతను సబ్బు పిండి కలిపే డ్రమ్ములోకి దిగి, అంటుకున్న మడ్డి గోకుతున్నాడు. లోపల మనిషి ఉన్నాడని చూడకుండా ఎవరో స్విచ్ వేశారు. అంతే... ఆ దిగులుతో వాళ్ళమ్మ మూడు నెలలు కూడా బతకలేదు. ఆవిడే కొడుకుని వెతుక్కుంటూ వచ్చిందని మావాళ్ళ నమ్మకం.

ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి ఫిట్టరు వాళ్ళక్క దాకా పోయింది. ఆవిడ టైలరు. ఆవిడ ఫ్యాక్టరీకి వచ్చిన రాత్రి ఏం జరిగిందో కొంత ఆవిడే నాకు చెప్పింది, కొంత వాచ్‌మన్ తాత చెప్పాడు.

ఆవిడ మా ఫ్యాక్టరీకి కొత్త కాదు. తమ్ముడు పోయాక కంపెనీ ఒక సేఫ్టీ కమిటీ పెట్టింది. ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న వాళ్ళని అడిగే రూల్సు రాస్తామని ఆవిణ్ణి పిలిచారు. మొదట రానంది. సేఫ్టీ ఆఫీసరే ఇంటికెళ్ళి, కుట్టు మిషను పక్కన నేల మీద కూర్చుని — "అక్కా, నన్నే నీ తమ్ముడనుకో. నువ్వు చెప్పు, రాయించే పూచీ నాది" అన్నాడట.

అక్కా అన్నాడు కదా... వెళ్ళింది. నెలనెలా కొట్టు మూసుకుని మరీ వెళ్ళింది. స్విచ్‌కి తాళం పెట్టండి. డ్రమ్ములోకి దిగే మనిషి ఆ తాళంచెవి తన జేబులోనే వేసుకుని దిగాలి. బయట ఇంకో మనిషి కాపలా ఉండాలి. చెప్పిందే చెప్పింది. ఒకరోజు కెమెరా ముందు కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడించారు కూడా.

"రూల్సు పుస్తకం అచ్చుకి పోయిందక్కా. నీ మాటలన్నీ అందులో ఉన్నాయి" అన్నాడు ఆఫీసరు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తమ్ముడి ఫోటో తుడిచి, "పనైందిరా" అందట.

ఇప్పుడేమో అమ్మ దెయ్యమై ఏడుస్తోందంటున్నారు. పనైపోయింది కదా... మరి అమ్మకింకా ఏం బాధ? అదే ఆవిడని తొలిచేసింది. భయం కాదు. అమ్మ గొంతు ఒక్కసారి వినాలని.

ఏడుపు వినిపించే రాత్రి చూసుకుని గేటులో తాత దగ్గరికొచ్చింది.

"విని వెళ్ళిపోతాను బాబాయ్."

"వద్దు తల్లీ... తట్టుకోలేవు."

"మా అమ్మేగా. నన్నేం చేస్తుంది?"

తాత కాదనలేక తాళాల గుత్తి తీసుకుని ముందు నడిచాడు.

వరండా మలుపు తిరగ్గానే వినిపించింది. ఆవిడ తలుపుకి చెవి ఆనించింది. అమ్మ గొంతే! చిన్నప్పట్నుంచీ ఇంట్లో ఫోనెత్తితే తల్లెవరో కూతురెవరో చుట్టాలకి తెలిసేది కాదట...

"అమ్మా..." అంది మెల్లగా.

లోపల ఏడుపు ఆగింది.

"వాడు లోపలున్నాడు..."

"తియ్ బాబాయ్."

తలుపు తెరుచుకుంది. వరసగా నలభై కుర్చీలు. ఒక్కదాన్లోనూ మనిషి లేడు. ఎదురుగా గోడకి టీవీ. అందులో కూర్చుని ఏడుస్తున్నది... తనే.

కదలకుండా చూసింది. ఏడుపు. "వాడు లోపలున్నాడు." ఆ వెంటనే కెమెరాకి తను తాళం సంగతి చెప్పింది, బాగా గుర్తు. సరిగ్గా అక్కడే బొమ్మ తెగిపోయింది. తెర మీద అక్షరాలు — 'మా భద్రతా నియమాలు బాధిత కుటుంబాల సలహాతో రూపొందినవి.' మళ్ళీ ఏడుపు.

బల్ల మీద రిజిస్టరు. ఆ రాత్రి మేమందరం నాలుగు గంటలు ట్రైనింగుకి కూర్చున్నట్టు సంతకాలు. అన్నీ ఒకే చేతివి. కింద ఆఫీసరు సంతకం, అది మాత్రం అసలుదే. తనిఖీకి వచ్చేవాళ్ళకి వీడియో నాలుగు గంటలు ఆడిన లెక్క చూపించడానికి సాయంత్రం టీవీ పెట్టేసి, తాళమేసుకుని పోయేవాడు. పక్కనే రూల్సు పుస్తకం. ఆవిడ నిలబడే పేజీలన్నీ తిరగేసింది. 'కార్మికులు జాగ్రత్తగా ఉండవలెను.' తాళం మాట ఎక్కడా లేదు.

గంటసేపు మాట్లాడితే ఏడుపు ఉంచుకుని మాటలు పారేశారు.

"దెయ్యమైనా బాగుండేది బాబాయ్" అందట.

రిజిస్టరు చంకలో పెట్టుకుని బయటికొచ్చేసరికి డ్రమ్ముల షెడ్డులో గరగరమని చప్పుడు. డ్రమ్ము మూత తీసి ఉంది. లోపల లైటు... ఎవరో మడ్డి గోకుతున్నారు. బయట కాపలా లేదు. స్విచ్‌కి తాళం లేదు. అవతలి వైపు నుంచి ఆపరేటరు టీ గ్లాసుతో, సగం నిద్రలో, స్విచ్ మీదకి చెయ్యి చాస్తున్నాడు...

పరిగెత్తింది. ఆ చేతిని పట్టేసుకుంది.

"వాడు లోపలున్నాడు!"

అదే గొంతు. అదే మాట. ఆపరేటరు గ్లాసు వదిలేసి, చెప్పులు కూడా వదిలేసి గేటు దాకా ఆగలేదు.

డ్రమ్ములో ఉన్నది నేను.

తల బయటికి పెట్టి చూస్తే స్విచ్ మీద అరచెయ్యి కప్పి ఒకావిడ నిలబడి ఉంది. "రా నాన్నా. నువ్వు దిగేదాకా తియ్యను" అంది. నేను నిచ్చెన దిగాక కూడా ఆ చెయ్యి తియ్యలేదు. తాతే మెల్లగా విడిపించాడు.

తర్వాతి మీటింగులో ఆవిడ రిజిస్టరు బల్ల మీద పెట్టింది. ఆఫీసరు తలెత్తలేదట. "పై నుంచి ఒత్తిడి మేడమ్" అన్నాడట. ఆ రోజుతో అక్క అనడం మానేశాడు. వారానికి ఉత్తరం వచ్చింది — మీ సేవలకు ధన్యవాదాలు, మీ పదవీకాలం ముగిసింది అని. టీవీ తీసేశారు. స్విచ్ ఎప్పటిలాగే ఉంది.

నేను కొట్టుకెళ్ళి దణ్ణం పెట్టబోతే వారించింది.

"ఒక్క సాయం చెయ్. అది టీవీ అని మీవాళ్ళెవరికీ చెప్పకు."

"ఎందుకమ్మా?"

"రూలు పెట్టమని రెండేళ్ళు అడిగాను, పెట్టలేదు. భయమైనా ఉండనీ."

నిజమే. దెయ్యం తన చెయ్యి పట్టుకుందని ఆపరేటరు ఈ రోజుకీ ఒట్టేసి చెప్తాడు. ఇప్పుడు మా షెడ్డులో ఎవడూ డ్రమ్ములోకి తొంగిచూసి కేకెయ్యకుండా స్విచ్ ముట్టుకోడు.

మొన్న కొత్తగా చేరిన ఫిట్టరు గుసగుసగా అడిగాడు — "అన్నా, నిజంగానే ఉందా?"

వాడి మొహం చూశాను. పెళ్ళైన కొత్త.

"ఉంది" అన్నాను.