ఎడమకు తిరిగిన బాణం

“సార్, ఆ బాణం నేను తిప్పలేదు. ప్రార్థన చేసే నోటితో చెప్తున్నాను!”

టాటానగర్ బిష్టుపూర్‌లోని డిటెక్టివ్ ఆఫీసులో కాలు పెడుతూనే సుకీర్తి ఏడ్చేసింది. పేరు చంద్రశేఖరే గానీ డిటెక్టివ్ గారి నెత్తిన ఉన్నది చంద్రవంక కాదు, జుట్టు రాలి వెలసిన పూర్ణచంద్రుడు. ఆ గుండు లోపలి బుర్ర మీద అపార భక్తి గల సహాయకురాలు తనుశ్రీ నోట్‌బుక్ తెరిచింది.

పేజీలో వచ్చిన పేచీ ఇది. టాటానగర్ రైల్వేలోని తెలుగువాళ్ల కోసం సుకీర్తి ఒక వెబ్ పేజీ నడుపుతోంది. ఇక్కడివాడు అక్కడికి, అక్కడివాడు ఇక్కడికి చోటు మార్చుకోదలిస్తే అందులో పేరు పెట్టుకుంటారు. బళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పైడిబాబు ‘టాటానగర్ → పలాస’ అని పెట్టుకున్నాడు. భార్య రోహిణి పలాసలో టీచరు. ఎనిమిది నెలల కూతుర్ని అతను చూసింది రెండుసార్లే. నెల తిరిగినా బదిలీకి బదులే రాలేదు. తీరా చూస్తే బాణం ఎడమకు తిరిగి ఉంది. పలాస నుంచి ఇటు రాదలచిన ఒకే ఒక్క మనిషి అది చూసి, పైడిబాబు కూడా తనలాగే ఇటు వచ్చేవాడనుకుని, కింది వరసలో పలాసే కోరుకున్న ప్రవీణ్‌తో కుదుర్చుకున్నాడు. సంతకాలు కూడా అయిపోయాయి.

“పేజీని మార్చగలిగేది ఎవరెవరు?” అడిగాడు చంద్రశేఖర్.

“నేను, ప్రవీణ్ భయ్యా, యార్డులో చేసి రిటైరైన అసిరయ్య తాత. పాస్‌వర్డ్ ఒకటే. ఇద్దరికీ నేనే నేర్పాను.”

పేజీ వెనకున్న కోడ్ తెరిపించాడు. సుకీర్తి పెట్టిన కుడి బాణాలన్నీ rarr అనే కోడ్ పేరుతో ఉన్నాయి. ప్రవీణ్ పెట్టినవి నేరుగా అతికించిన బాణం బొమ్మలు. పైడిబాబు వరసలో మాత్రం 8592 అనే అంకె ఉంది.

“ఎడమ బాణం నెంబరు సార్. కుడిదానికి 8594. పేర్లూ నెంబర్లూ ఇద్దరికీ కాగితం మీద రాసిచ్చాను.”

బాగ్‌బేరాలోని తన ఇంట్లో ప్రవీణ్ మండిపడ్డాడు. “నాకు బదిలీ వచ్చిందని నేనే చోర్‌నా? ఆ నెంబర్లు నాకు యాదే ఉండవు. ఫోన్లోంచి కాపీ చేసి చిప్కా దేతా హూఁ, అతికించేస్తాను, బస్!”

ఆ పక్క మేడ మీద గదిలో అసిరయ్య భార్య జోగమ్మకు మందు పోస్తున్నాడు.

“యార్డులో ఏం పని చేశారు బాబాయ్?”

“నెంబర్ టేకర్ని బాబూ. బండొత్తే వేగన్ల నెంబర్లు రాసుకోడం. ముప్పయ్యేళ్లు. మడుసుల పేర్లు మర్సిపోతాను గానీ నెంబరు మాత్రం పోదు.”

“పిన్నిగారిని ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు?”

“వారానికి రెండుసార్లు డయాలిసిస్. పైడిబాబే ఎత్తుకుని మెట్లు దించుతాడు. మాకింకెవులున్నారు?”

ఆ సాయంత్రం చంద్రశేఖర్ పైడిబాబుతో సహా అందర్నీ ఆ గదిలోనే కూర్చోబెట్టాడు.

“సుకీర్తి బాణాన్ని పేరు పెట్టి పిలుస్తుంది. ప్రవీణ్ అతికిస్తాడు. నెంబరుతో గుర్తుపెట్టుకునే మనిషి ఇక్కడ ఒక్కరే. పైడిబాబు వెళ్లిపోతే నష్టపోయేదీ ఆయనే. అవునా బాబాయ్?”

ఇలాంటి ఘట్టంలో తనుశ్రీ చప్పట్లు కొట్టేది. ఈసారి పెన్ను మూత పెట్టేసింది.

“నెల్లాళ్లు ఆపుదామనుకున్నాను,” అన్నాడు అసిరయ్య. “దీన్ని మోసీ మనిషిని ఎతుక్కుని మళ్లీ తిప్పేద్దామనుకున్నాను. ఈలోగా పలాసోడు...”

“నన్నడిగినావేటి?” జోగమ్మ భర్త వైపు తిరిగింది. “నా పేనం కోసం పసిదాని తండ్రిని ఆపేత్తావా?”

చంద్రశేఖర్ తల దించుకున్నాడు. “బాణం ఎవరు తిప్పారో చెప్పగలిగాను. ఇప్పుడు దాన్ని కుడికి తిప్పినా ఆ సంతకాలు వెనక్కి రావు.”

పైడిబాబు ఫోన్ మోగింది. రోహిణి.

“ఏటైంది? ఎప్పుడొత్తన్నావు?”

“పేజీలో ఏదో తప్పు పడిందే. ఎవులిదీ కాదు.”

జోగమ్మ చెయ్యి చాచి ఫోన్ లాక్కుంది. “అబద్దమాడతన్నాడమ్మా. మా ఇంటాయనే సేసినాడు. నీ మొగుణ్ని నాకోసం ఆపేసినాడు.”

అవతల పాప ఏదో ఊసులాడుతోంది. జోగమ్మ జబ్బు సంగతి రోహిణికి పైడిబాబు ఎప్పుడో చెప్పాడు.

“మీకు డయాలిసిస్ ఏయే రోజులు పిన్నీ? ఆ రోజులొదిలేసి సెలవెట్టి రమ్మంటాను,” అంది రోహిణి.

జోగమ్మ ఫోన్ తిరిగి పైడిబాబు చేతిలో పెట్టేసింది.