వైలర్ బోర్డు

కీచుమంటూ బ్రేకులు!

లోతార్ కారు తడి రోడ్డుకి అడ్డంగా తిరిగి ఆగింది. ఎదురుగా నీలం వ్యాన్... ఇక ఎటూ పోలేదు!

పక్క సీట్లోంచి అతని అక్క మార్లీస్ దూకింది. చేతిలో తమ్ముడి వేట తుపాకీ.

"దిగరా!"

వ్యాన్‌వాడు చేతులెత్తి దిగాడు. నెంబర్ ప్లేట్ చూస్తేనే తెలుస్తోంది, ఈ కొండ ఊళ్లవాడు కాదు.

"మా అమ్మాయి స్వెన్యాని ఏం చేశావ్?"

"బెంచీ మీద చూశాను మేడమ్... అంతే! ఆపలేదు! అది లిఫ్ట్ బెంచీ అని కూడా నాకు తెలీదు!"

చర్చి ముందు లిఫ్ట్ బెంచీ. పోయిన వారం అక్కడ కూర్చున్న పిల్ల, మర్నాడు వాగులో శవమై తేలింది. ఆమె బెంచీ మీద కూర్చున్న రోజు అక్కడ నీలం వ్యాన్ కనిపించిందని ఊళ్లో అన్నారు.

ఆ పొద్దున "నీ మొహం చూపించకు" అన్నది మార్లీసే. తన మీద కోపంతో సిటీకి పారిపోబోయిందనుకుంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా గుండె తరుక్కుపోతోంది.

"అబద్ధం! కాల్చెయ్ అక్కా!" లోతార్ కూడా దిగి అరుస్తున్నాడు. "వైలర్ బోర్డు తిప్పుకుని కూర్చున్న పిల్లని... పొట్టన పెట్టుకున్నాడు!"

ట్రిగ్గర్ మీద వేలు ఆగిపోయింది.

వైలర్ బోర్డా?

బెంచీ పక్క స్తంభానికి ఊరికో బోర్డు ఉంటుంది. వెళ్లాల్సిన ఊరు తిప్పి కూర్చుంటే, వచ్చే కారు ఆగుతుంది. ఎక్కేముందు బోర్డు మూసెయ్యాలి. ఇక్కడివాళ్ల చేతులు నిద్రలో కూడా ఆ పని చేస్తాయి.

ఆ సాయంత్రం తను వెతుక్కుంటూ వెళ్లేసరికి... బోర్డులన్నీ మూసే ఉన్నాయి!

"ఒరే... ఆ రోజు అటు పోనేలేదన్నావుగా? తిప్పింది వైలర్ బోర్డని నీకెలా తెలుసు?"

లోతార్ కారు వైపు వెనకడుగు వేశాడు.

"బోర్డు మూసిందెవర్రా?"

"నేనే... అలవాటుగా... తాగి ఉన్నానక్కా! సడన్ బ్రేకేశాను... తల అద్దానికి కొట్టుకుంది... పిలిస్తే పలకలేదు... భయమేసి వాగులో..."

"వైలర్‌కి ఎందుకు బయల్దేరిందిరా?"

"అక్కడి నీ బేకరీకే. అమ్మకి సారీ చెప్పాలి, తొందరగా తీసుకెళ్లు మామయ్యా అంది..."

నా దగ్గరికే వస్తోందా, నా తల్లీ!

తుపాకీ లేచింది. లోతార్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఢాం!

పేలింది అతని కారు టైరు.

మార్లీస్ తుపాకీ రోడ్డు పక్క వాగులోకి విసిరేసింది. వ్యాన్‌వాడి వైపు తిరిగింది.

"పోలీస్ స్టేషన్ దాకా... లిఫ్ట్ ఇస్తారా?"

అతను భయంభయంగానే తలుపు తీశాడు.

"అక్కా! నన్నూ..."

"నడిచి రా. ఇంక ఈ ఊళ్లలో నిన్నెవ్వరూ ఎక్కించుకోరు."