పళ్ళచక్రానికి బొట్టు

మహర్నవమినాడు పొద్దున్నే సీతారావమ్మ కాఫీ గ్లాసు తీసుకెళ్ళి బండి సావిడి గడపమీద పెట్టి, చేతి గాజులు ఒకసారి గలగలలాడించి వెనక్కి వచ్చేసింది. గాజులు మోగితే కాఫీ వచ్చినట్టు. గ్లాసు బోర్లించి ఉంటే తాగేసినట్టు. మూడేళ్ళుగా ఆ మొగుడూ పెళ్ళాల మధ్య నడుస్తున్న సంభాషణ ఇంతే. పోట్లాడుకుని మాటలు మానేసినా బాగుండేది, ఎప్పుడో ఒకప్పుడు రాజీ పడేవాళ్ళు. వీళ్ళకు మాటలు ఎండిపోయాయి.

రెడ్డిగూడెం అవతల ఆ మామిడితోటలో కాయల కాలంలో తప్ప మనిషి అలికిడి ఉండదు. పాలేరు పరదేశి వచ్చి గేదె పాలు పితికి వెళ్ళాడంటే మళ్ళీ సాయంత్రం దాకా పిట్టల గోలే. ఒక్కగానొక్క కూతురు భ్రమరాంబ ఉన్నన్నాళ్ళూ ఇల్లు సంతలా ఉండేది. ఆ పిల్ల నర్సు చదువుకని గుంటూరు మిషను ఆసుపత్రికి పోతానంది. "ఊళ్ళోవాళ్ళ పుళ్ళు కడగడానికా నిన్ను పెంచింది?" అన్నాడు తండ్రి నరసింహారావు. పిల్ల వినలేదు. సావిడిలో కారు ఉండి కూడా ఆయన ఎక్కించలేదు. ఎడ్లబండిలో జంక్షన్ దాకా పోయి బస్సెక్కింది. ఆ రోజే కారూ మూతపడింది, ఆయన నోరూ మూతపడింది.

అలాంటిది పదిరోజులుగా ఆయన ఆ పాత కారు ముందుభాగం విప్పుకుని కూర్చున్నాడు. ఎందుకో చెప్పలేదు. కిందటి నెల చింతలపూడి నుంచి ఎవరో వచ్చి కారు చూసి వెళ్ళారు కాబట్టి అమ్మకానికే అని సీతారావమ్మ అనుకుంది. ఆవిడ దిగులు వేరే ఉంది. పోపుల డబ్బా కింద కూతురి ఉత్తరం ఉంది. 'బుధవారం మాకు సర్టిఫికెట్లు ఇస్తారు. అందరి అమ్మానాన్నలూ వస్తారు. నాన్నగారు ఎలాగూ రారు, నువ్వైనా రా అమ్మా.' ఒక్కర్తీ నూజివీడు కూడా పోయి ఎరగని మనిషి, బుధవారం తొలి బస్సుకి గుంటూరు పోవాలని నిశ్చయించుకుంది. ఆయనకు చెప్పి పోవాలా, చెప్పకుండా పోవాలా అన్నదే తేలలేదు.

కాఫీ తాగి నరసింహారావు సైకిలెక్కి జంక్షన్‌కి వెళ్ళాడు, ఇంజనుకి కొత్త గొలుసు మద్రాసు నుంచి వచ్చిందని అక్కడి సామాన్ల కొట్టు నుంచి కబురొస్తే. సీతారావమ్మ ఆయుధపూజకి సావిడిలోకి వెళ్ళింది. నాగలి, పలుగు, పార, కొడవళ్ళు కడిగి పసుపు రాసి బొట్లు పెట్టింది. పక్కన గోనెపట్టామీద ఇంజనులోంచి తీసిన పళ్ళచక్రాలు రెండు, పెద్దదొకటి చిన్నదొకటి, జిడ్డోడుతూ కనిపించాయి. ఇవీ ఆయుధాలే కదా, వీటికి మాత్రం పండగ వద్దా అనుకుంది. ఒక్కో చక్రం మీద ఒక్కో తెల్లటి సున్నపు చుక్క ఉంది. తన తాంబూలం పళ్ళెంలో సున్నం ఎందుకు తరిగిపోతోందో అప్పుడు తెలిసి, ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. చింతపండు, బూడిద వేసి రెండిటినీ మిలమిలలాడేలా తోమి, పసుపు రాసి బొట్టు పెట్టింది.

మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చాడు.

"ఎవరు కడిగారివి?"

మూడేళ్ళ తర్వాత ఆ గొంతు ఇంటికప్పు ఎగిరిపోయేట్టు లేచింది. సీతారావమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"నేనేనండీ. నవమి కదా అని..."

"నవమి! నీ నవమి నా కొంప ముంచింది!" ఆయన గుడ్డ కిరసనాయిల్లో ముంచి చక్రాలకున్న పసుపూ కుంకం బరబరా తుడిచేశాడు. కింద సున్నం జాడ లేదు. "వాటిమీద చుక్కలు పెట్టుకున్నాను. రెండు చుక్కలూ ఎదురెదురుగా ఉంచి గొలుసు ఎక్కించాలి. ఒక్క పన్ను తప్పినా ఇంజను నడవదు. కంపెనీ గుర్తులు వీటికి లేవు. ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

"ముట్టుకోవద్దని ఎవరు చెప్పారండీ?" అంది సీతారావమ్మ. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆవిడకే భయమేసింది, కానీ ఇక ఆగలేదు. "మీరు చెబితే కదా నాకు తెలిసేది! పప్పులో ఉప్పెక్కువైతే ఎక్కువైందని కూడా అనరు. ఆ గేదె నయం, పిలిస్తే తల తిప్పి చూస్తుంది. కూతురు పోయింది మీ ఒక్కరికేనా? నాకు పోలేదూ?"

ఆయన చక్రం ఎత్తి సున్నం జాడ కోసం మళ్ళీ వెతికాడు.

"సున్నం కడిగింది నేనే. కానీ ఆ చుక్క ఉన్నచోటే బొట్టు పెట్టాను, చక్రానికి ఒక్కటంటే ఒక్కటి. మీరు గుర్తు పెట్టారంటే అదేదో ముఖ్యమైన చోటై ఉంటుందనుకున్నా. ఆ బొట్టు చెరిపింది మాత్రం మీరు."

నరసింహారావు చేతిలో గుడ్డ వంక చూశాడు. ఎర్రగా ఉంది. అలాగే నాగలి పక్కన కూలబడిపోయాడు.

"బుధవారానికి గుంటూరు ఎట్లా పోతాం ఇక?" అన్నాడు నేలకేసి చూస్తూ.

సీతారావమ్మ చేతిలో గరిటె జారి పడింది. "గుంటూరా?"

ఆయన లోజేబులోంచి మడతలు నలిగిన కవరు తీసి ఇచ్చాడు. కూతురు జంక్షన్‌లోని ఆ కొట్టు చిరునామాకి రాసింది. 'అమ్మ ఒక్కర్తీ రాలేకపోవచ్చు. మీరైనా రండి నాన్నగారూ.'

"సావిడిలో కారు పెట్టుకుని పిల్లని ఎడ్లబండిలో పంపానే," అన్నాడాయన. "అది వెనక్కి తిరిగి చూస్తూ పోయింది. అది సర్టిఫికెట్ తీసుకుని బయటికొచ్చేసరికి కారు గుమ్మం ముందుండాలనుకున్నా. నీతో చెబుదామనే అనుకున్నా. ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియలేదు."

ఒకే ఇంట్లో ఇద్దరూ చెరో ఉత్తరం దాచుకుని ఇన్నాళ్ళు ఒంటరిగా ఏడ్చారన్నమాట. సీతారావమ్మకి కోపం రావాల్సింది, జాలేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని పెద్ద చక్రం ఒళ్ళోకి తీసుకుంది. పలకరించే మనిషి లేని ఇంట్లో కళ్ళకి పని ఎక్కువ; అన్నిటినీ అవే పలకరిస్తాయి.

"ఇదిగో, ఈ పన్ను కొసన చిన్న విరుపుంది. దీన్నుంచి ఇటు మూడో పన్ను మీద పెట్టాను. చిన్నదానికి లోపల గాడి ఉంది చూడండి, సరిగ్గా దాని ఎదుట."

"రూఢిగా తెలుసా?"

"తెలుసు. తప్పైతే మళ్ళీ విప్పుదాం."

ఆయన సున్నం కోసం చూడలేదు. "ఆ కుంకం భరిణె తీసుకురా. బొట్టు నువ్వే పెట్టు," అన్నాడు.

మర్నాడు విజయదశమి. చక్రాలు బిగించి, గొలుసు ఎక్కించి ఆయన హ్యాండిలు తిప్పాడు. ఇంజను ముసలి ఆస్తమా రోగిలా దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ దగ్గింది.

"విరుపుకి కుడివైపు మూడా, ఎడమవైపు మూడా?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు.

ఆవిడ కళ్ళు మూసుకుని నిన్నటి పొద్దుటిని తలుచుకుంది. "ఎడమే. నేను అటువైపు కూర్చున్నాను. మీకు ఇటునుంచి చూపించేసరికి పొరబడ్డాను."

మళ్ళీ విప్పారు. ఆవిడ మరలు అందిస్తుంటే ఆయన బిగించాడు. చింతలపూడి ఆసామి కారుకి ఎంత తక్కువ అడిగాడో, ఎట్లా పంపేశాడో, పిల్ల వెళ్ళిన రోజు జంక్షన్‌లో బస్సు ఎంత ఆలస్యమైందో అప్పుడే చెప్పాడు. ఆ రోజు బండి వెనకాలే సైకిలుమీద వెళ్ళి చెట్టుచాటున నిలబడ్డాడట. ఇంజను మొదటిసారి నడవకపోవడం ఎంత మంచిదైందో అనుకుంది సీతారావమ్మ. పైకి అనలేదు.

పొద్దు వాలేలోపు మళ్ళీ హ్యాండిలు తిప్పాడు. దగ్గలేదు. ఒక్కసారిగా అందుకుని తోటంతా మోగేట్టు నడిచింది. కొమ్మల్లో పిట్టలు లేచిపోయాయి. నరసింహారావు చెయ్యి ఇంజనుమీద ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత తలెత్తి భార్యవైపు చూశాడు.

"ఏమంటావు? చప్పుడు సరిగ్గా ఉందా?"

మూడేళ్ళలో ఆయన ఆవిడ అభిప్రాయం అడిగింది అదే మొదటిసారి. ఏడుపులో ఆవిడకి చప్పుడేమీ వినబడలేదు.

"బాగుందండీ," అంది. "చాలా బాగుంది."