మధ్యాహ్నం నింపిన బస్తా

రాకెట్ తిరిగొచ్చింది. దాని మెదడు మాత్రం మాయమైంది.

"గాలికి దారి తప్పి చర్ల అడవిలో దిగింది, ద్వాలీ," ఫోన్‌లో చీఫ్ వెంకటనారాయణ చెప్పాడు. "మనవాళ్లు చేరేలోపు కంట్రోల్ బాక్స్ ఎవరో విప్పుకుపోయారు. పైకెళ్లిన రాకెట్ తనంతట తాను కిందికి దిగే కోడ్ అంతా అందులోనే ఉంది. ఒకే రాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపగలిగితేనే శాటిలైట్ ఖర్చు తగ్గేది. ఆ కోడ్ విదేశీ ముఠాకి చిక్కితే మన సైంటిస్ట్ బాలకృష్ణ గారి టీమ్ ఇన్నేళ్ల కష్టం గంగలో కలిసినట్టే. అక్కడ బీడీల తునికాకు ఆరబెట్టే కల్లంలో మన ఏజెంట్ హర్షిత ఉంది. కోడ్ వర్డ్: ఆకు ఎండిందా?"

ఏజెంట్ ద్వాలికి సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. అయినా పాత చీర చుట్టుకుని, కూలీ వేషంలో కల్లం చేరింది.

ఆకు కంపెనీ సూపర్‌వైజర్ వేషంలో హర్షిత ఆకు బస్తాల లారీ నీడన కూర్చుని ఉంది. నల్ల కళ్లద్దాలు. ఎండకు కూడా చెదరని లిప్‌స్టిక్.

"ఆకు ఎండిందా?"

"వాన రాకముందే ఎండింది. రా అక్కా, కూసో. బాక్స్ పొద్దుగాలనే బార్డర్ దాటింది. ఇగ ఉరికి ఏం లాభం? చాయ్ తాగు."

ద్వాలి కూలబడింది. చేతి గడియారంలోని ట్రాకర్‌లో ఉలుకూ పలుకూ లేదు. బాక్స్‌లోని సిగ్నల్ పంపే బీకన్‌ను పీకేసినట్టున్నారు. కళ్లు మూతలు పడుతున్నాయి. కానీ బాక్స్ పోయిన ఏజెంట్ ఇంత తీరిగ్గా చాయ్ పోయడమేమిటి?

ద్వాలి లేచి, లారీ ఎక్కి, బస్తాలను ఒక్కొక్కటిగా అరచేత్తో నొక్కసాగింది.

"ఏం జేస్తున్నవ్ అక్కా?"

"మా తండాల గిదే పని చేసేటోళ్లం. చెయ్యి ఊకుంటలేదు."

ఎండిన తునికాకును తెల్లవారుజామున నీళ్లు చల్లి, మెత్తబడ్డాకే బస్తాకెత్తుతారు. ఎండపూట ముట్టుకుంటే పొడైపోతుంది. బస్తాలన్నీ చప్పుడు లేకుండా అణిగాయి. ఒక్కటి మాత్రం అప్పడంలా కరకరలాడింది.

"మిట్టమధ్యాహ్నం బస్తా నింపింది ఎవలు? నీ ఫారిన్ దోస్తులా?"

హర్షిత పిస్టల్ తీసింది. "చెయ్యి తియ్, అక్కా. ఇంకొక్క నిమిషంల అప్‌లోడ్ అయిపోతది. నీ వాటా నీకిప్పిస్త."

"నాకు వాటా వద్దు, నిద్ర కావాలె."

ద్వాలి బస్తాను కాలితో తన్నింది. అది హర్షిత మీద పడింది. తూటా ఆకాశంలోకి పోయింది. ద్వాలి దూకి, పిస్టల్ లాక్కుని, బస్తా చీల్చింది. లోపల కంట్రోల్ బాక్స్, దానికి తగిలించిన శాటిలైట్ ఫోన్. తీగ పీకేసింది. స్క్రీన్ మీద ఆఖరి గడి నిండకుండానే ఆగిపోయింది.

హర్షితను జీపెక్కించాక చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! రాకెట్‌ను ఆర్నెల్లు సర్వీసింగ్‌కి పంపుతున్నాం. నువ్వు రేపు పొద్దున్నే విశాఖలో డ్యూటీకి దిగాలి."

"రాకెట్‌కు ఆర్నెల్లు రెస్టా సార్?" అంది ద్వాలి ఆవులిస్తూ. "దాని చీఫ్ ఎవరో గాని, మంచోడు."