ముంతలో గుడ్లు

మా మామ గురునాథం నా కాపురంలో మూడేళ్లు తినేశాడు. ఇందులో వాదించడానికేమీ లేదు. ఆయన కూతురు ఫణిశ్రీ నా ఇంట్లో ఉన్నది పదకొండు నెలలు.

ఆమెను మొదట చూసింది 2009 జులైలో, రాయ్‌పూర్ తెలీబంధాలో, రంగుచేపల దుకాణంలో. నాది ధర్సీవాలో రోలింగ్ మిల్లు పని. వాన పడుతుంటే లోపలికి దూరాను. ఊరికే నిలబడితే బాగుండదని ఒక చేప కొన్నాను. వేలెడంత చేప, పొట్ట మీద నేరేడుపండు రంగు. క్రిబెన్సిస్ అన్నాడు కొట్టువాడు.

చేప ఉన్న కవరు పట్టుకుని బయల్దేరబోతే, తడిసిన గొడుగుతో ఒక అమ్మాయి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"భయ్యా, అకేలీ క్యోఁ బేచ్ దీ? యే తో జోడీ థీ!" అని కొట్టువాణ్ణి కేకలేసింది.

"ఇదేటి గోలరా బాబూ" అనుకున్నాను. మాట బయటికే వచ్చేసింది.

"తెలుగువాళ్లా? అయితే తెలుగులోనే తిడతాను. జంటను విడదీశారు. మగది చూడండి, మూల కూర్చుంది."

"కూర్చోడానికి కుర్చీ ఏసారా దానికి?"

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "ఇంట్లో అక్వేరియం ఉందా?"

"బకెట్ ఉంది."

"బకెట్టా! రేపటికి చస్తుంది. ఒక పని చేద్దాం. మగదాన్ని నేను కొంటాను. రెండూ మా ఇంట్లో ఉంటాయి. ఆదివారాలొచ్చి మీ చేపను చూసుకోండి."

"ఆదివారం నాకు ఓవర్‌టైమ్."

"సోమవారం రండి. టీ ఇస్తాను."

కవరు ఇచ్చేశాను. టీ కోసం కాదు.

వాళ్లది రైల్వే క్వార్టర్. గురునాథం గూడ్సు బండి గార్డు. భార్య పోయాక కూతుర్ని ఒక్కడే పెంచాడు. మూడు నెలల సోమవారాలు గడిచాక కనిపెట్టేశాడు.

"ఏటి బాబూ, సేపని సూడ్డానికొచ్చి వంటగది కేసి సూస్తున్నావ్?"

నేను టీ గ్లాసులోకి చూశాను.

"ఏటి సదివినావు?"

"మా ఊరి బళ్లో ఏడు."

"మా పాప బీకాం."

"తెలుసండి."

ఆయన అక్వేరియం వైపు చూసి నవ్వాడు. "ఈ సేపలు పిల్లల్ని పెట్టి పెంచిన రోజున ముహూర్తం ఎడతాను. ఎల్లు."

ఫణిశ్రీ వంటగదిలోంచి వచ్చి అరచెయ్యి చాపింది. "చేతిలో చెయ్యి వెయ్యి నాన్నా." వేశాడు.

ఈ చేపలు బోర్లించిన ముంత లోపల గుడ్లు అంటిస్తాయి. తల్లి లోపల, తండ్రి గుమ్మంలో కాపలా. బెదిరితే మాత్రం తమ గుడ్లు తామే తినేస్తాయి. ఇదంతా ఆమె నాకు నేర్పింది. నెల తిరక్కుండా గుడ్లు పెట్టాయి. మూడోరోజుకి ఒక్కటీ లేదు.

"నువ్వు దగ్గావు. అందుకే తిన్నాయి."

"నాను సోమవారం దగ్గితే అవి బుధవారం తిన్నాయా?"

"వాటికి గుర్తుంటుంది."

మళ్లీ పెట్టాయి, మళ్లీ పోయాయి. ఫ్యాను చప్పుడన్నాం, వీధిలో లారీలన్నాం, పిల్లి అన్నాం. అద్దానికి గుడ్డ కట్టింది. మూడేళ్లు అలాగే పోయింది. రిజిస్టరాఫీసుకి పోదాం రమ్మన్నాను.

"చేతిలో చెయ్యి వేశాం కదా. నాన్నకి నేనొక్కదాన్నే. పిల్లలొస్తాయి, చూడు," అంది.

గురునాథం ముందు నేను ఆ చేపల ఊసు ఎత్తేవాణ్ణి కాదు. ఆయనకు ఈ పెళ్లి ఇష్టం లేదనే అనుకున్నాను. ఆమె కూడా అలాగే అనుకుందేమో, నాకు చెప్పలేదు.

2012 ఆగస్టులో ఆయన మేనకోడలి పెళ్లికి పలాస వెళ్లి పన్నెండు రోజులున్నాడు. పదోరోజున మిల్లుకి ఫోనొచ్చింది. "రా. ఇప్పుడే రా." వెళ్లాను. తల్లి పొట్ట కింద ఆవగింజలంత పిల్లలు, నలభై దాకా, గుంపుగా కదులుతున్నాయి. ఫణిశ్రీ నా చొక్కా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ లెక్కపెడుతోంది, తప్పుతోంది, మళ్లీ మొదలుపెడుతోంది.

గురునాథం వచ్చి, భుజం మీది సంచి దించకుండానే వంగి చూశాడు. "మాట మాటే," అన్నాడు. నవంబరులో పెళ్లి చేశాడు.

మరుసటి అక్టోబరులో ఫణిశ్రీకి డెంగ్యూ. నాలుగు రోజులు. ఆసుపత్రి గురించి రాయను.

పదమూడోరోజు భోజనాలయ్యాక గురునాథం నా గదిలో, ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న అక్వేరియం దగ్గర నిలబడ్డాడు. జేబులోంచి గార్డు టార్చి తీసి వెలిగించాడు. చొక్కా చెయ్యి మడిచి, నీళ్లలోకి పెట్టి, ముంత పైకెత్తాడు.

"గుడ్లున్నాయి అల్లుడూ."

"దించండి. ఎత్తితే తినేస్తాయి."

ఆ చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది.

"ఎత్తితే తినేస్తాయా?"

"ఆమె మీకు చెప్పలేదా?"

"గోల సెయ్యొద్దంది. నాను గోల సెయ్యనేదు. డ్యూటీ దిగొచ్చి, పాప లెగకముందే నెమ్మదిగా ఎత్తి సూసీవోణ్ణి. పిల్లలొస్తే ముందు నానే దానికి సెప్పాలని."

"ఎన్నాళ్లు?"

"ఇంట్లో ఉన్న పెతీ పొద్దూ." ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. తడిచెయ్యి తుడుచుకోలేదు. "ముహూర్తం కూడా అడిగి ఉంచినాను బాబూ, మూడుసార్లు. నాకు తెలీదు."

తెలీదని నాకూ తెలుసు. అబద్ధమాడే మనిషి కాదు. దాంతో నాకేం పని? ఆమె నా ఇంట్లో ఉండాల్సిన మూడేళ్లు ఎదురుచూస్తూ గడిపేసింది. తెలిసి చేసుంటే కొట్టేవాణ్ణి. ఇప్పుడు కొట్టడానిక్కూడా లేదు.

నిన్న భీమారావు వచ్చాడు, గురునాథంతో పనిచేసిన మనిషి. ముసలాయనకు ముద్ద దిగడం లేదట. "ఒక్కసారెళ్లి, పోనీలే మావా అను. నీ సొమ్మేం పోతుంది?" అన్నాడు.

నేను చెప్పులేసుకుని షిఫ్టుకి వెళ్లిపోయాను. ఆయనకు చెప్పాల్సిన మాట నా దగ్గర లేదు. అడగడానికి వచ్చేవాళ్లకి చెప్పాల్సిందీ లేదు. ఒక్కసారి రాశాను, చాలు. ఇక ఈ సంగతి ఎవరు ఎత్తినా నేను నోరు విప్పను.