మూత వేసినా పాడే ల్యాప్‌టాప్

నా వేళ్ళు ఎన్నడూ మోసపోలేదు. కావాలంటే మా ఊరు కుమాసిలో ఎవరినైనా అడగండి. కళ్ళకు గంతలు కట్టి చేతికో గుడ్డ ఇస్తే, దాన్ని ఏ ఊరి నేతగాడు నేశాడో, నేసేటప్పుడు పెళ్ళాంతో గొడవపడ్డాడో లేదో కూడా చెప్పేస్తాను. ఒకసారి చీకట్లో ఓ కోడిని తడిమి, ఇది మన కోడి కాదు, పక్కవాళ్ళదన్నాను. కోడి సిగ్గుపడి తనంతట తనే గోడ దూకి వెళ్ళిపోయింది. అలాంటి వేళ్ళు ఇవి.

కథ మాత్రం నా మేనల్లుడు ఒపోకుది. మాలో తండ్రి మాట కంటే మేనమామ మాటకే బరువెక్కువ. అంచేత వాడి ప్రేమలో సగం బాధ్యత నాదే.

వాడు చావు పోస్టర్లు చేస్తాడు. పోయినవాళ్ళ ఫోటో తెచ్చిస్తే మచ్చలు తుడిచి, వెనక మబ్బులు పెట్టి, బతికుండగా ఎన్నడూ నవ్వనంత అందంగా నవ్విస్తాడు. పని చేస్తున్నంతసేపూ ల్యాప్‌టాప్‌లో పాట మోగుతూ ఉండాల్సిందే. లేచేటప్పుడు పాట ఆపడు, షట్ డౌన్ చెయ్యడు. టప్పున మూత వేసి సంచిలో దోపేస్తాడు. మూత పడితే అది నిద్రపోతుంది, దాంతోపాటే పాటా నిద్రపోతుంది. పోవాలి మరి.

ఒక శనివారం ఓ పెద్దావిడ అంత్యక్రియలు. పోస్టర్ చేసింది మావాడే కాబట్టి మా ఇద్దరికీ ముందు వరసలో కుర్చీలు వేశారు. షామియానాల కింద నల్లబట్టలు, ఎర్రబట్టలు కట్టుకుని ఊరంతా ఉంది. పాస్టరు గారు ప్రార్థన అందుకుని ఆదాము దగ్గర్నుంచి మొదలుపెట్టారు. నాకు కునుకు ముంచుకొచ్చింది. అలాంటప్పుడు నేను జేబులో చెయ్యి పెట్టి పొడుం డబ్బా తడతాను. పొడుం పీల్చడం మా ఆవిడ ఫోఫీ ఎప్పుడో మాన్పించింది కానీ, డబ్బా జేబులో లేకపోతే నాకు తోచదు. మూత మీద వేలితో టక్కు టక్కుమని తడితే చాలు, పీల్చినంత హాయి.

ఆ రోజూ తట్టాను. ఉన్నట్టుండి ఒపోకు సంచిలోంచి, డప్పులతో సహా, పాట లేచింది. "వేయించిన అరటిపండంతా నువ్వే తిన్నావే పిల్లా, నా ముద్దుకి చోటెక్కడ మిగిల్చావే" అని.

పాస్టరు గారు ఆదాము దగ్గరే ఆగిపోయారు. పెట్టెలో పెద్దావిడ కాలు పాటకి తాళం వేయడం నేను నా కళ్ళతో చూశాను.

పోయినావిడ మనవరాలు అచియా లేచి వచ్చింది. ఒక కంటితో తిడుతూ, రెండో కంటితో నవ్వు ఆపుకుంటూ ఒపోకు ముందు నిలబడింది.

"పోస్టర్ బాబూ, మా అమ్మమ్మకి పాటలంటే ప్రాణమే. కానీ ఈ పాట కాదు. అడుం బజార్లో కంప్యూటర్ రిపేరు కొట్టు నాదే. సోమవారం దాన్ని పట్టుకురండి."

సోమవారం వానలో తడుస్తూ వెళ్ళాడు. మూత వేస్తే ఇది నిద్రపోతుంది కానీ చెవులు తెరుచుకునే నిద్రపోతుందని ఆ పిల్ల చెప్పిందట. అప్‌డేట్ల కోసం దానంతట అది లేచే అలవాటు మాన్పించింది. నిద్రలో ఇంటర్నెట్ ముట్టుకోకుండా కట్టేసింది. మెసేజీల మోతలు ఆపేసింది. పక్కన గోరంత ముక్క ఒకటి గుచ్చి ఉంటే ఇదేమిటంది. తీగ లేని మౌస్ తాలూకు ముక్క, మౌస్ ఎక్కడో పారేసుకున్నానన్నాడు వీడు. దొరికితే పనికొస్తుందిలే అని దాన్ని అలాగే ఉంచేసింది. సాయంత్రందాకా బల్ల మీద పెట్టి చూసినా ల్యాప్‌టాప్ కిక్కురుమనలేదు.

ఇంటికి తెచ్చాడు. నేను ఫుఫు ముద్ద తిని, చెయ్యి కడుక్కుని, జేబులో చెయ్యి పెట్టానో లేదో సంచిలోంచి అరటిపండు పాట.

మళ్ళీ పరిగెత్తాడు. ఆమె దగ్గర మౌనం. ఇంటికొస్తే పాట. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఆ పిల్ల చేతులు కట్టుకుంది.

"మీ ఇంట్లో పాడుతుంది, నా ముందు నోరు విప్పదు. అంతేనా?"

"అంతే."

"నన్ను చూడ్డానికి వచ్చానని చెబితే కుర్చీ వేసేదాన్ని. అబద్ధం చెప్పి వచ్చేవాళ్ళకి వెయ్యను. ఇక రాకండి."

వాడు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "పాట నిజమే మామయ్యా," అన్నాడు. "ఆమెని చూడాలని ఉన్నదీ నిజమే. రెండోది ఒప్పుకుంటే మొదటిది అబద్ధమైపోతుంది. ఏం చెప్పను?"

నేనొచ్చి సాక్ష్యం చెబుతాను, నా మాట కాదనేవాడు కుమాసిలో ఎవడున్నాడన్నాను. లోపల ఫోఫీ చాలాసేపు నవ్వింది.

మర్నాడు కొట్లో అచియా నాకు కుర్చీ వేసింది. వాడికి వెయ్యలేదు. ల్యాప్‌టాప్ మూత వేసి బల్ల మీద పెట్టాం. నేను కోడి సంగతితో మొదలుపెట్టి సాక్ష్యంలోకి వస్తున్నాను. మాట ఊపందుకుంటే నా చెయ్యి జేబులోకి పోతుంది. టక్కు టక్కు.

"వేయించిన అరటిపండంతా..."

ఒపోకు మొహం వెలిగిపోయింది. ఆ పిల్ల మాత్రం వాణ్ణీ చూడలేదు, ల్యాప్‌టాప్‌నీ చూడలేదు. నన్నే చూసింది. మూత తెరిచి, మళ్ళీ వేసి, పాటని నిద్రపుచ్చింది.

"తాతా, కోడి ఎటు వెళ్ళిందో మళ్ళీ చెప్పండి."

చెప్పాను. టక్కు టక్కు. పాట.

"జేబులో ఏముంది?"

"పొడుం డబ్బా. నా పెళ్ళికి ముందు నుంచీ ఉంది."

"బయటికి తీయండి."

తీశాను. నల్లగా, నున్నగా, అరచేతికి సరిపోయేటట్టు ఉంది. అడుగున ఎర్ర దీపం వెలుగుతోంది. అది మౌస్.

నా వేళ్ళ సంగతి అదీ. ఎప్పుడో వాడి బల్ల మీద నుంచి నాదేననుకుని జేబులో వేసుకున్నాను. అసలు డబ్బాలో ఫోఫీ ఎన్నాళ్ళ నుంచో సూదులు దాచుకుంటోందని ఆ సాయంత్రం తెలిసింది. తోక లేకపోయినా ఈ ఎలుక తడితే చాలు, అంత దూరంలో పడుకున్న ల్యాప్‌టాప్ ఉలిక్కిపడి లేస్తుందట. లేచి, ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి పాడుతుందట.

అచియా ఒపోకు వైపు తిరిగింది. "పోయిన మౌసే కదా అని ఆ ముక్కని వదిలేశాను. తప్పు నాదే. మీరు అబద్ధం చెప్పలేదు." రెండో కుర్చీ లాగి వేసింది.

వాడు కూర్చోలేదు. "ఒక మాట దాచాను."

"ఏంటది?"

"అది పాడకపోయినా వచ్చేవాణ్ణి."

బయట వాన జోరందుకుంది. ఆమె ఆ గోరంత ముక్కని ఊడదీసి, మౌస్‌తో కలిపి వాడి చేతిలో పెట్టింది. "ఇక ఇది పాడదు. మళ్ళీ రావడానికి నీకు వంక లేదు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని వాడికంటే ముందు నేనే పసిగట్టాను.

"వంక లేకుండానే వస్తాను. మామయ్యతో వచ్చి, సారా సీసా పట్టుకుని, పిల్లనివ్వమని మీ తలుపు తడతాను."

"ముందు మామయ్య జేబులు చూసి మరీ తీసుకురా."

అలాగే చూసి తీసుకెళ్ళాడు. మంచి బట్టలు కట్టుకుని, తలుపు తట్టి, సీసా పెద్దల ముందు పెట్టాం. దాన్ని పుచ్చుకోమంటావా అని పిల్లని మూడుసార్లు అడగడం మా ఆచారం. అచియా మేనమామ ఒకసారి అడిగాడు, రెండుసార్లు అడిగాడు. ఆ పిల్ల తల వంచుకుంది. మూడోసారి అడిగేసరికి, ఎవరూ తట్టకుండానే, ఒపోకు సంచిలోని ల్యాప్‌టాప్ తనంతట తనే అరటిపండు పాట అందుకుంది. గోడ మీద పోస్టర్‌లో అమ్మమ్మ మబ్బుల్లోంచి నవ్వుతోంది. అందరూ పడీ పడీ నవ్వుతుంటే, పుచ్చుకోండి అంది అచియా.

కోడి సంగతి నిజం. పెట్టెలో పెద్దావిడ కాలి సంగతీ నిజం. నేను కల్పించింది ఒక్కటే. ఆ రోజు ల్యాప్‌టాప్ పాడలేదు. ఒపోకు దాన్ని పూర్తిగా షట్ డౌన్ చేసి ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. ఆ పిల్ల మూడోసారి దాకా ఆగనూ లేదు. మొదటిసారి అడగ్గానే తలెత్తి, వాడి వైపు చూస్తూ, పుచ్చుకోండి అంది. గదిలో ఎవరూ ఊపిరి తీయలేదు. అంత నిశ్శబ్దాన్ని ఎలా చెప్పాలో చేతకాక, మధ్యలో పాట పెట్టాను.